వద్దన్న వాటా

అమావాస్యనాడు తల్లిదండ్రుల సమావేశం పెట్టిన హెడ్మిస్ట్రెస్‌ని మా రెండు జిల్లాల్లో నేనొక్కదాన్నే అయివుంటాను. రిటైరై మూడేళ్ళయింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కూర్చోలేను, లేచి ఇల్లంతా తిరుగుతాను. కొత్తగా హైస్కూళ్ళలో చేరిన మీలాంటి పిల్ల టీచర్లు కనబడితే పట్టుకుని మరీ చెబుతాను. వినండి, నా తప్పుల్లోంచి మీకు కావలసింది ఏరుకోండి.

సర్వీసులో చాలా భాగం విజయనగరం వైపు, చీపురుపల్లి చుట్టుపక్కల పొలాల ఊళ్ళలోనే గడిచింది. అక్కడ పిల్లల తల్లిదండ్రులను రమ్మని కబురు పెడితే, నాట్లో కోతలో చూసుకుని, కాళ్ళకి బురదతోనైనా వచ్చేవారు. రిటైర్మెంటుకి రెండేళ్ళుందనగా నన్ను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం దగ్గరున్న ఒక హైస్కూలుకి వేశారు. పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ రైతుల పిల్లలు. మిగతా సగం మూడు కిలోమీటర్ల అవతల ఒడ్డున ఉన్న వేట ఊరి పిల్లలు. ఆ ఊరికీ బడికీ మధ్య అంతా సరుగుడు తోటలు.

నాకు ముక్కుమీద కోపం. వెళ్ళిన మొదటి నెలలోనే పదో తరగతికి సాయంత్రం ఆరు దాకా ప్రత్యేక తరగతులు పెట్టాను. అందరూ ఉండేవారు గానీ, ఒడ్డు ఊరి ఆడపిల్లలు ఐదుగురు మాత్రం నాలుగున్నర కొట్టేసరికి సంచులు భుజాన వేసుకునేవారు. రెండు వారాలు చూశాను. దసరా సెలవుల తరవాత ఒకరోజు ప్రార్థన దగ్గర మైకు పట్టుకుని, "సాయంత్రం క్లాసుకి ఉండనివాళ్ళు పొద్దున్న కూడా బడికి రానక్కర్లేదు" అనేశాను.

మర్నాటి నుంచి ఐదుగురూ రాలేదు.

భయపెడితే దారికొస్తారని అన్న మాట అది. వాళ్ళు దాన్ని హుకుం అనుకున్నారు. ఆ ఐదుగురిలో ఒక పిల్ల ఉంది. లెక్కల టీచరమ్మ బోర్డు మీద ఎక్కడైనా గుర్తు మార్చి వేస్తే, వెనక బెంచీలోంచి "టీచర్, అక్కడ మైనస్ కదా" అనే పిల్ల. అది మానేసిన వారానికి లెక్కల టీచరమ్మ నా గదిలోకొచ్చి కళ్ళు తుడుచుకుంది. "మేడమ్, ఆ పిల్ల లేకపోతే క్లాసులో ఎవరితో మాట్లాడాలో తెలియట్లేదు" అంది. ఒడ్డున ఆడపిల్ల చదువు పదిలో ఆగిందంటే ఇక అంతే. గంప తలకెత్తుకుని అమ్మ వెనక నడవాలి, లేదంటే రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోవాలి. మార్చిలో పరీక్షలు. నా నోటిదురుసు వల్ల ఆ పిల్ల చదువు పోతుందన్న భయం ఆ రోజు పట్టుకుంది.

తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో మెసేజిలు పెట్టాను. చూసినట్టు గుర్తులు పడేవి గానీ ఒక్క జవాబూ లేదు. బుధవారం పదకొండు గంటలకి సమావేశమని కాగితాలు పంపి, నలభై కుర్చీలు వేయించాను. ఒడ్డు ఊరి నుంచి ముగ్గురొచ్చారు. అందులో ఒకాయన కొడుకు టీసీ కోసం వచ్చి, పొరపాటున కుర్చీలో కూర్చున్నవాడు.

స్టాఫ్ రూములో చిందులు తొక్కాను. "వీళ్ళకి పిల్లల చదువు అక్కర్లేదు!" అన్నాను. మా డ్రిల్లు మేష్టారిది కూడా ఒడ్డు ఊరే, ఇంకాస్త ఉత్తరాన. ఆయన నెమ్మదిగా, "అక్కర్లేక కాదు మేడమ్, బుధవారమంటే మరి..." అని ఏదో చెప్పబోయారు. వినే ఓపిక నాకెక్కడిది! "మీరు ఊరుకోండి మేష్టారూ" అన్నాను. ఆయన ఊరుకున్నారు. శుక్రవారం ఖోఖో జట్టును తీసుకుని విజయనగరం వెళ్ళిపోయారు. ఉండివుంటే నా పరువు కొంత దక్కేది.

ఆదివారం పొద్దున్నే లెక్కల టీచరమ్మనీ వెంటబెట్టుకుని నేనే ఒడ్డుకి బయలుదేరాను.

వెళ్ళేసరికి అలివి వల లాగుతున్నారు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. వలని పడవలో వేసుకెళ్ళి సముద్రంలో వంపుగా దింపి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకీ ముప్పైమంది వరసగా నిలబడి వెనక్కి నడుస్తూ లాగుతారు. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ ఉంటారు. ఆ వలకి పెద్ద ఒక ముసలాయన. తలకి ఎర్రతువ్వాలు, చేతిలో కర్ర. నేను వెతుక్కుంటూ వచ్చిన పిల్లకి ఆయనే తాత.

నేను వచ్చిన పని చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాటలు తరవాత టీచరమ్మా. వల నీటిలో ఉన్నాది. ఉత్తినే నిలబడి ఏటి సూస్తావు? సెయ్యి ఏసేయ్!"

చెప్పులు విప్పి, కొంగు దోపి, తాడు పట్టాను. అబ్బ, ఏం చెప్పమంటారు! ముందు ఒక ముసలమ్మ, వెనక ఒక పడుచు పిల్లవాడు, మధ్యలో యాభై ఎనిమిదేళ్ళ హెడ్మిస్ట్రెస్. హైలెస్సా అని వాళ్ళంటే నేనూ అన్నాను, గొంతు చించుకుని. పక్కన లెక్కల టీచరమ్మ ఇసకలో రెండుసార్లు పడింది, రెండుసార్లూ నవ్వుతూ లేచింది. ముప్పావుగంట లాగాక వల సంచి ఒడ్డుకొచ్చింది. అందులో కవళ్ళు, ఆ చిన్న వెండిరంగు చేపలు, ఎగిరెగిరి పడుతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అరచేతుల్లో పొక్కులు లేచిన సంగతి అప్పుడు తెలియనే లేదు.

తరవాత వాటాలు. పడవ వాటా, వల వాటా, అమ్మోరి వాటా తీసి, మిగిలినవి తాడు పట్టిన వాళ్ళందరికీ కుప్పలు వేశారు. ముసలాయన ఒక కుప్ప నా కాళ్ళ ముందు పోశాడు. ఒకటి లెక్కల టీచరమ్మ ముందు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా ఇంట్లో చేప తినరు. అదొక్కటే అయితే పరవాలేదు. పిల్లల ఇళ్ళ నుంచి టీచరన్నది కాయో పండో కూడా పుచ్చుకోకూడదని ముప్పై ఏళ్ళుగా నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. దాన్ని అందరికీ వినబడేలా చెప్పాను కూడా. "వద్దు పెద్దయ్యా! మీ దగ్గర నేనేమీ తీసుకోను. నాకొద్దు" అన్నాను. నన్ను చూసి లెక్కల టీచరమ్మ కూడా వద్దంది.

హైలెస్సా కేకలు పెట్టిన ఒడ్డు ఒక్కసారిగా చప్పబడిపోయింది. ముసలాయన నా మొహంలోకి చూసి వెనక్కి తిరిగాడు. నేనది మెచ్చుకోలు అనుకున్నాను! నిజాయితీగల టీచరని నివ్వెరపోయారనుకున్నాను. "బుధవారం మళ్ళీ మీటింగు, అందరూ రావాలి" అని గట్టిగా చెప్పి, గర్వంగా వచ్చేశాను. వస్తూ తిరిగి చూస్తే ఆ రెండు కుప్పలూ ఇసకలో అలాగే ఉన్నాయి, కాకులు దిగుతున్నాయి. ఎవరూ ఎందుకు ఎత్తుకోలేదో అని ఒక్క క్షణం అనిపించింది. అంతే.

బుధవారం ఒక్కరూ రాలేదు. కిందటిసారి వచ్చిన ముగ్గురు కూడా రాలేదు.

ఆ సాయంత్రం డ్రిల్లు మేష్టారు గెలిచిన ఖోఖో కప్పుతో తిరిగొచ్చారు. ఒడ్డున జరిగింది చెప్పాను. కప్పు బల్లమీద పెట్టి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నారు.

"తాడు పట్టి, వాటా వద్దన్నారా మేడమ్?"

"తప్పేమిటి?"

"మా వైపు అలగ ఒక్కలే అంటారండి. పొత్తు తెంపుకునేవోళ్ళు. మా సిన్నాన్న మా అయ్యతో తగువొచ్చినప్పుడు ఏటి సేసినాడనుకున్నారు? తిట్టలేదు, కొట్టలేదు. వల లాగినాడు, వాటా ఒగ్గేసి ఎల్లిపోనాడు. పదేళ్ళు రెండిళ్ళకీ మాటల్లేవు. అలగ ఒగ్గేసిన వాటా ఇంకెవులూ ముట్టుకోరు. మీరు నలుగురిలో నిలబడి, మీకూ మాకూ ఏటీ నేదని సెప్పీసి వొచ్చినారు."

మామూలుగా మాతో పుస్తకాల భాష మాట్లాడే మనిషి ఆ వేళ కంగారులో ఇంటి భాషలోకి జారిపోయారు. ఒకసారి మైకులో పిల్లల్ని రావద్దన్నాను. రెండోసారి ఒడ్డున పెద్దల్ని వద్దన్నాను. ఇంక వాళ్ళు నా బడి గేటు ఎందుకు తొక్కుతారు! సిగ్గుతో ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను కూడా.

"ఇప్పుడేం చెయ్యాలి మేష్టారూ?"

"మళ్ళీ తాడు పట్టాలి మేడమ్. పట్టనిస్తే."

మర్నాడు తెల్లవారగానే ఆయన బండి వెనక కూర్చుని ఒడ్డుకి వెళ్ళాను. అటునుంచటే బడికి పోవాలి కాబట్టి చేతిలో నా అన్నం క్యారియరు ఉంది. ఆ రోజు పులిహోర. నా మొదటి ఇన్‌స్పెక్షన్‌కి కూడా అంత భయపడలేదు.

మమ్మల్ని చూసి ముసలాయన కర్ర ఇసకలో గుచ్చాడు.

"మళ్ళీ ఏటికొచ్చినావమ్మా? మా వాటా నీకు పనికిరాదు గదా."

ఆయన పక్కన, గంపలు సర్దుకుంటున్న ఒకామె లేచి నిలబడింది. ఆ పిల్ల తల్లి. అప్పటిదాకా నేను ఆమెని చూడలేదు. ఆమె గొంతు ఒడ్డంతా వినబడింది.

"నా గుంటని బడికి రావద్దన్నావు. మా అయ్య పెట్టిన వాటా వద్దన్నావు. ఇంకేటి కావాల నీకు? సెప్పు!"

దారి పొడుగునా బండి వెనక కూర్చుని మంచి మంచి మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"తప్పయిపోయిందమ్మా. రెండూ నా తప్పులే. మీ పద్ధతి తెలియక చేశాను. తాడు పట్టనిస్తే లాగుతాను. వాటా పెడితే పుచ్చుకుంటాను. పెట్టకపోయినా లాగుతాను."

తాడు పట్టుకున్న వరసలోంచి మొన్నటి ముసలమ్మ నన్ను చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. మానని పొక్కుల మీద ఆ కొబ్బరితాడు రాసుకుంటే కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. వదల్లేదు.

ఒకచోట వల ఒక పక్కకి ఒరిగిపోతోంది. ముసలాయన అటు తాడు వాళ్ళ మీద అరిచాడు. "ఒరే బావా! ఆగండర్రా! ఈళ్ళు రాకుండా మీరొక్కలే లాగేస్తే సేపలన్నీ ఇటునుంచి పోతాయి కాదేటి!" అటువాళ్ళు ఆగారు. మేము అందుకున్నాం. నా సాయంత్రం క్లాసు గుర్తొచ్చింది నాకు. నేను కూడా అలాగే ఒక్కదాన్నే లాగేశాను.

ఆ రోజు వలలో ఏమీ పడలేదు. నాచు, నాలుగు జెల్లీ చేపలు, చారెడు కవళ్ళు. అరవైమంది లాగిన వల! ముసలాయన వాటిని ఏరి వాటాలు వేశాడు. మనిషికి రెండు, మూడు. నా ముందుకొచ్చి ఆగాడు. వంగి ఐదు కవళ్ళు నా ముందు పెట్టాడు.

"మొన్నటి దాంతో కలిపి" అన్నాడు.

పట్టుకెళ్ళడానికి నా దగ్గర ఏముంది? క్యారియరు మూత తీసి, పులిహోర అక్కడున్న పిల్లల చేతుల్లో తలా పిడికెడు పెట్టి, ఖాళీ గిన్నెలో ఐదు కవళ్ళూ వేసి మూత బిగించాను. అదిగో, అప్పుడు నవ్వారు! ఒక్కరు మొదలుపెట్టేసరికి ఒడ్డు ఒడ్డంతా నవ్వింది. ఆ పిల్ల తల్లి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన ఇసకలో కూలబడి నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

"ఇప్పుడు సెప్పు టీచరమ్మా. నీ వల ఏటి? మేం ఎక్కడ పట్టాల?"

అదే మా మొదటి సమావేశం. కుర్చీలు లేవు, మైకు లేదు, ఎజెండా కాగితం లేదు. ఇరవై నిమిషాల్లో, నేను రెండు నెలలుగా తెలుసుకోలేనివన్నీ తెలిశాయి.

"సలికాలం ఆరింటికి సీకటైపోతాది. సరుగుడు తోటలోంచి ఆడగుంట ఒక్కర్తీ నడిసి రావాల. నీ కూతురైతే పంపుతావా?" అని తల్లి అడిగింది. పంపను. ఆ మాటే చెప్పాను.

"బుధవారం మీటింగేటి? బుధవారం సంత. గంపలెత్తుకుని మేమందరం సంతలో ఉంటాం. ఎవులొస్తారు నీ మీటింగుకి?" అని ఇంకొకామె. డ్రిల్లు మేష్టారు ఆకాశం కేసి చూశారు. మొన్న స్టాఫ్ రూములో ఆయన చెప్పబోయింది అదే.

పరిష్కారం కూడా వాళ్ళలోంచే వచ్చింది. చేపలమ్ముకుని ఆడవాళ్ళందరూ తిరిగొచ్చే ఆటోలు ఆరు, ఆరుంబావు మధ్య మా బడి ముందునుంచే వెళతాయి. "మా ఆటో ఆపుతాం. గుంటల్ని ఎక్కించుకుని వొచ్చేస్తాం" అంది తల్లి. ఆటో నడిపే ఆయన ఆమెకి వరసకి మావ. "ఖాళీ గంపల మధ్య ఎక్కడ కూకుంటారే?" అని గొణిగాడు. "నువ్వు తోలు మావా, కూకునేది మేం సూసుకుంటాం" అని నోరు మూయించింది.

"మాకు ఆలీసమైతే?" అని ఎవరో అడిగారు.

"మీరొచ్చేదాకా గేటు దగ్గర నేనుంటాను" అన్నాను. ఉన్నాను కూడా. చలిలో శాలువా కప్పుకుని, ఒక్కోసారి ఏడు దాకా.

మరి సమావేశం ఎప్పుడు పెట్టాలి? ముసలాయన వేళ్ళు లెక్కపెట్టాడు. "అమాసనాడు మా ఊళ్ళో వల దించం. మా అమ్మోరు ఒప్పుకోదు. అమాసనాడు పెట్టు, ఊరు ఊరంతా వొస్తాది."

లెక్కల టీచరమ్మకి చెబితే గుండెలు బాదుకుంది. "శుభమా అని మొదలుపెట్టేది అమావాస్యనాడా మేడమ్!" పై ఆఫీసు నుంచి ఫోను కూడా వచ్చింది, తేదీ పొరపాటున వేశారా అని. "లేదండీ, మా వాళ్ళకి అదే తీరుబడి రోజు" అన్నాను. అవతల పెద్దమనిషి "మీ రిస్కు" అని పెట్టేశాడు.

ఆ అమావాస్య సాయంత్రాన్ని నేనెలా మరిచిపోతాను! మూడు గంటలకి సరుగుడు తోట మలుపులో మొదటి ఆటో కనబడింది. దాని వెనక ఇంకోటి. వరసగా ఎనిమిది ఆటోలు! సంతకి వెళ్ళే చీరలు కావు, దాచుకున్న చీరలు కట్టుకొచ్చారు. మగవాళ్ళు తలలు నున్నగా దువ్వుకొచ్చారు. మెట్ట ఊళ్ళ రైతులకి కూడా ఆ వేళే రమ్మని కబురు పెట్టాను, ఈ సందడి చూడ్డానికే వాళ్ళూ వచ్చారు. కుర్చీలు చాలక తరగతి గదుల్లోకి వెళ్ళి ఎవరి పిల్లల బెంచీలో వాళ్ళని కూర్చోమన్నాం. ముసలాయన మనవరాలి బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని లెక్కల టీచరమ్మని అడిగాడు.

"మా గుంట ఇంటికాడ నోరిప్పదు. బడిలో మాటాడతాదా?"

"దాని నోరు మూయించడానికే నాకు జీతమిస్తున్నారండీ" అంది లెక్కల టీచరమ్మ. గది గదంతా ఘొల్లుమంది. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి సిగ్గుతో మెలికలు తిరిగింది. అవును, వచ్చేసింది. ఒడ్డున మాట్లాడుకున్న మర్నాడే వచ్చేసింది. మైకులో అన్న మాటని ప్రార్థన దగ్గర అదే మైకులో వెనక్కి తీసుకున్నాను.

అన్నీ బాగానే అయ్యాయని చెబితే అబద్ధమాడినట్టు. ఐదుగురిలో నలుగురే తిరిగొచ్చారు. ఐదో పిల్ల అప్పటికే రొయ్యల షెడ్డు పనిలో చేరిపోయింది. రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల తల్లి నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది గానీ, పిల్లని ఇవ్వలేదు. నేను ఒక నెల ముందు కళ్ళు తెరిచివుంటే అది పదో తరగతి రాసేది. ఆ బరువు నాది, ఎవరిమీదా నెట్టను.

ఆ ఐదు కవళ్ళ సంగతి చెప్పలేదు కదూ. బడి వంటామె ఇంట్లో వేయించి పెడితే డ్రిల్లు మేష్టారు తిన్నారు. "నా వాటా మీరు తినొచ్చా, మళ్ళీ తప్పవుతుందేమో" అని భయంగా అడిగాను. "పుచ్చుకున్నాక మీ ఇష్టం మేడమ్, పిల్లికి పెట్టుకోండి. పుచ్చుకోవడమే లెక్క" అన్నారు వేళ్ళు నాకుతూ. ఆ క్యారియరు మాత్రం మా ఆయన వంటింట్లోకి రానివ్వలేదు. ఈరోజుకీ అది పెరట్లో తులసి మొక్కకి నీళ్ళు పోయడానికి పనికొస్తోంది.

పది ఫలితాలు వచ్చిన రోజున వేట నిషేధం నడుస్తోంది. మోటారు పడవలన్నీ ఒడ్డుకి చేరివున్నాయి. బడిలో నేనూ అటెండరూ ఉన్నాం. గేటు దగ్గర ఆటో ఆగింది. తల్లీ కూతురూ దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. బడికంతటికీ మొదటి మార్కులు ఆ పిల్లవే. నాకు అప్పటికే తెలుసు, పొద్దున్నే ఫోనులో చూసి గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. తెలియనట్టే ఉన్నాను.

తల్లి జాకెట్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మార్కుల కాగితానికి జిరాక్సు. దాన్ని నా బల్లమీద పెట్టి, అరచేత్తో నా వైపు జరిపింది.

"అసలుది దాని కాడే ఉంటాది. ఇది నీకు" అంది.

"నాకెందుకమ్మా?"

"తాడు పట్టినావు గదేటి? ఇది నీ వాటా. వద్దంటావా?"

రెండు చేతులా పుచ్చుకున్నాను.